పద్నాలుగు ఫైళ్ళు

వియత్నాం పిల్లలకు పాఠం చెప్పడానికి నేను మా డాబా ఎక్కాను. కింద గదుల్లో ఫోనుకి సిగ్నల్ అందదు. నీళ్ళ ట్యాంకు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఇంకో కుర్చీ మీద మూడు ఇటుకలు పేర్చి వాటికి ఫోను ఆనించాను. వెనకాల బట్టలు ఆరేసే తీగకి దుప్పటి కట్టాను. దుప్పటి నిండా నెమళ్ళు. తిరగేసి కట్టినా కనిపిస్తూనే ఉన్నాయి.

ఇక్కడ ఉదయం ఏడున్నర, అక్కడ తొమ్మిది. తెర మీద ఎనిమిది మంది పిల్లలు, వాళ్ళ వెనక నిలబడి లాన్ అనే ఆవిడ. ఆ ఇంగ్లీషు సెంటరు ఆవిడదే. ఊరి పేరు హైఫాంగ్. సముద్రం ఒడ్డున ఉంటుందట. నాతో బీఎడ్ చదివిన ఆశ్రిత ఏడాదిన్నరగా అక్కడ పనిచేస్తోంది. ఉద్యోగానికి నా పేరు ఆవిడకి చెప్పింది తనే.

"సానా సెంటర్లలో తెల్లమొహం కావాలంటారే. మా లాన్ అలక్కాదు, పాఠం సూస్తాది," అని ఆశ్రిత ముందు రోజే ఫోన్ చేసి చెప్పింది. "నువ్వు బళ్ళో ఎలగ సెప్తావో అలగే సెప్పు. ఎవులిలాగో మాటాడాలని సూడకు."

నేను సంత పాఠం ఎంచుకున్నాను. బుట్టలో వంకాయలు, బెండకాయలు, రెండు అరటికాయలు పెట్టుకున్నాను. నేను అమ్మాలి, వాళ్ళు ఇంగ్లీషులో బేరం ఆడాలి. బెండకాయ పైకెత్తగానే ఒక పిల్ల గెంతింది. వాళ్ళింట్లోనూ వండుతారట. ఆ ఒక్క బెండకాయతో నాకు భయం సగం తగ్గింది.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద అమ్మ గొంతు వినిపించింది.

"ఒసే అరుణా, కూరకని ఎట్టుకున్న వంకాయలు మేడ మీదకి తెచ్చీసేవేటే? మీ నాన్న పొలానికి ఎల్లాల!"

తెరలో పిల్లలు అమ్మని చూసి చేతులు ఊపారు. అమ్మ ఫోనులోకి వంగి చూసింది. "ఎవుల పిల్లలే ఈలు? ముద్దుగున్నారు."

అంతా చెడిపోయిందనుకున్నాను. ఇంకేం చెయ్యాలో తోచక, ఈవిడ వంకాయలు కొనడానికి వచ్చింది, ఎన్ని కావాలో అడగండి అని పిల్లలతో ఇంగ్లీషులో అన్నాను. ఎనిమిది మందీ ఒక్కసారే అరిచారు. అమ్మకి ఏం అర్థమైందో గానీ నాలుగు వేళ్ళు చూపించింది. వాళ్ళు నాలుగు అని మళ్ళీ అరిచారు. నేను నాలుగు వంకాయలు లెక్కపెట్టి అమ్మ కొంగులో వేశాను. వెనక లాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

నాలుగో రోజున మెసేజ్ వచ్చింది. నన్ను తీసుకున్నారు. వాళ్ళ కొత్త సంవత్సరం సెలవులయ్యాక ఫిబ్రవరి నెలాఖరుకి చేరాలి. వీసా కోసం నా డిగ్రీ ఒరిజినల్ మీద ఢిల్లీలో ముద్రలు వేయించాలి. ఆ పని చేసిపెట్టే వైజాగ్ ఆఫీసుకి డిసెంబరు ఇరవైలోపల కాగితం అందాలి. అంతకన్నా ఆలస్యమైతే వేరే మనిషిని చూసుకుంటామని లాన్ మర్యాదగానే రాసింది.

"ఇంక నెల పైగా ఉన్నాదే. రేపే పట్టుకెల్లి ఇచ్చీ," అంది ఆశ్రిత.

నా ఒరిజినల్ నా దగ్గర లేదు.

మా వైపు ప్రైవేటు బళ్ళలో ఇది మామూలే. జూన్‌లో చేరేటప్పుడు పదో తరగతి నుంచి బీఎడ్ దాకా ఒరిజినల్స్ అన్నీ స్కూలుకి ఇచ్చేయాలి. ఏడాది మధ్యలో టీచరు మానేసి వెళ్ళిపోకుండా అవి అక్కడ ఉంటాయి. నెల్లిమర్ల దాటాక రోడ్డు పక్కన ఉన్న మా స్కూల్లో ఆఫీసు గదిలో ఒక ఆకుపచ్చ బీరువా ఉంది. బీరువా లోపల చిన్న లాకరు, లాకర్లో ఫైళ్ళు.

ఐదేళ్ళ కిందట నా ఫైలు అక్కడ పెట్టింది మా నాన్న. బట్టల కొట్టు కవర్లో చుట్టి తెచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, రెండు చేతులతో అందించాడు. "మా పిల్లని మీ సేతిలో ఎట్టాను బాబూ," అన్నాడు. కరస్పాండెంట్ ఉదయభాస్కర్ గారు కూడా లేచి నిలబడి రెండు చేతులతోనే అందుకున్నారు. ఫైలుని కళ్ళకి అద్దుకున్నారు. "ఇది కాగితం కాదు గణపతిరావు గారూ, సరస్వతి. మా ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది," అన్నారు. నాన్న దారి పొడుగునా ఆ మాటే తలుచుకున్నాడు. మా నాన్నని గారూ అని పిలిచిన చదువుకున్నవాళ్ళు అంతకుముందు లేరు.

సార్ వాళ్ళది అరసవల్లి. వాళ్ళ నాన్నగారు చంద్రశేఖరం మాస్టారి ఫోటో ఆఫీసులో బీరువాకి ఎదురుగా ఉంటుంది. రోజూ దండ మారుస్తారు. సార్ ఎవరినీ అరవరు. టీచరుకి జ్వరం వస్తే ఇంటికి మందులు పంపిస్తారు. నేను చేరిన రెండో ఏడు, "నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, నువ్వు అనవసరంగా మాట్లాడవు," అని ఫైళ్ళ రిజిస్టరు, బీరువా తాళంచెవి నాకు అప్పజెప్పారు. లాకరు తాళంచెవి మాత్రం తన దగ్గరే. అప్పటినుంచి కొత్త టీచరు ఎవరొచ్చినా ఒరిజినల్స్ నా చేతిలోకే వచ్చేవి. వాళ్ళు తటపటాయిస్తే నేను ఒక మాట అనేదాన్ని: "అందరం ఇచ్చినవే, ఏం కాదు." ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. మొత్తం పద్నాలుగు ఫైళ్ళు. వాటిలో ఒకటి రెండేళ్ళ కిందట హైదరాబాద్ వెళ్ళిపోయిన లెక్కల మాస్టారు హరిబాబుది. ఆయన లేకపోయినా ఆయన డిగ్రీ మా స్కూల్లోనే పనిచేస్తోంది.

ఇంకొకటి ఆమనిది.

ఆమని సైన్సు చెబుతుంది. నాకన్నా మూడేళ్ళు చిన్న. చేరిన కొత్తలో అక్కా అక్కా అంటూ నా వెనకే తిరిగేది. పోయినేడు ఒక రెసిడెన్షియల్ స్కూల్లో పోస్టుకి తన పేరు జాబితాలో వచ్చింది. రెండు రోజుల్లో ఒరిజినల్స్ తీసుకుని రమ్మన్నారు. సార్ అప్పుడు తిరుపతిలో ఉన్నారు, ఫోన్ ఎత్తలేదు. ఆమని పరిగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చింది. లాకరుకి రెండో తాళంచెవి సార్ టేబుల్ సొరుగులో ఉందని నాకు తెలుసు. ఆమనికి తెలియదు. "సార్ వచ్చాక అడుగు, ఆమనీ," అన్నాను. సార్ వచ్చేసరికి ఆ రెండు రోజులూ అయిపోయాయి. సార్ చాలా బాధపడ్డారు. రెండో తాళంచెవిని కూడా తన గుత్తికే తగిలించుకున్నారు. ఆమని మాత్రం ఆ రోజు నుంచి నన్ను మేడమ్ అంటుంది. స్టాఫ్ రూములో మా ఇద్దరి కుర్చీలూ పక్కపక్కనే.

సార్‌ని అడగడానికి మూడు రోజులు పట్టింది. ఏదో ఒక కారణం చెప్పమని ఆశ్రిత సలహా ఇచ్చింది. బ్యాంకు పని అనో, పాస్‌పోర్టు అనో. ఆఫీసు గదిలోకి వెళ్ళాక నోట్లోంచి ఉన్న మాటే వచ్చింది.

"సార్, నాకు వియత్నాంలో ఇంగ్లీషు టీచరుగా ఉద్యోగం వచ్చింది. డిగ్రీ ఒరిజినల్ కావాలి."

సార్ కళ్ళజోడు తీశారు. కోపం వస్తుందేమో అని చూశాను. ఆయన మొహం విప్పారింది.

"మన అరుణశ్రీయా! నూకయ్యా, టీ తీసుకురా. బిస్కెట్లు కూడా. ఏ ఊరమ్మా? ఎంతమంది పోటీ పడ్డారు?" అన్నీ అడిగారు. చివరికి, "ఇంత మంచి కబురు ఇలా నాలుగు గోడల మధ్య చెప్పుకుంటే ఎలా?" అన్నారు.

మరునాడు ఉదయం ప్రార్థన అయ్యాక మైకు పట్టుకున్నారు. మన ఊరి గాలి పీల్చి, మన సర్కారు బళ్ళో చదువుకున్న అమ్మాయి ఇవాళ దేశం కాని దేశంలో ఇంగ్లీషు నేర్పబోతోందన్నారు. "పదో తరగతి పిల్లల్ని గట్టెక్కించి, ఏప్రిల్లో మన మేడమ్ వియత్నాం వెళ్తారు. మీకిచ్చిన మాట ఆవిడ తప్పరు. చప్పట్లు కొట్టండి!" అన్నారు.

నాలుగు వందల మంది చప్పట్లు కొట్టారు. పదో తరగతి వరసలో ఆడపిల్లలు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నేను ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. కానీ ఆ చప్పట్లు ఆగేసరికి ఇచ్చినట్టే అయింది.

ఏప్రిల్ దాకా ఆగగలరా అని లాన్‌ని అడిగాను. ఆగలేమని, ఫిబ్రవరిలో తరగతులు మొదలవుతాయని రాసింది. కింద ఎనిమిది మంది పిల్లలు కలిసి గీసిన బొమ్మ పంపింది. అందులో ఒక ఆవిడ నాలుగు వేళ్ళు చూపిస్తోంది. అది నేను కాదు, మా అమ్మ.

సార్ మా నాన్నకి కూడా ఫోన్ చేశారు. ఆ వారం నాన్న గోగు కట్టలు నీళ్ళలోంచి తీసి నార ఒలుస్తున్నాడు. ఆ రోజుల్లో ఎంత రుద్దుకున్నా ఆయన ఒంటికి కుళ్ళిన నార వాసన పోదు. అందుకని ఇంట్లోకి రాకుండా అరుగు మీదే కంచం పెట్టించుకుంటాడు. నేను పక్కన కూర్చున్నాను.

"నాన్నా, నువ్వొకసారి వచ్చి అడగవా? నువ్వడిగితే ఇస్తారేమో."

"ఆయన కాదనలేదు గదే. ఏప్రిల్ అన్నాడు. అంతమంది పిల్లల ముందు నిన్ను పొగిడాడంట, ఫోన్లో సెప్పాడు."

"ఏప్రిల్‌కి ఆ ఉద్యోగం ఉండదు."

నాన్న అన్నం కలుపుకున్నాడు. "నాను సేతిలో ఎట్టినోడిని. నానే ఎల్లి తిరిగి ఇయ్యమంటే ఏటి బాగుంటాది? ఆయన్ని నమ్మలేదన్నట్టు ఉంటాది గదా."

"ఆ దేశంలో బెండకాయలున్నాయంట. బతకగలదు," అంది అమ్మ లోపల్నుంచి. అమ్మ అప్పటికే నేను వెళ్ళిపోయినట్టు ఒక సంచీ సర్దడం మొదలుపెట్టింది. పచ్చడి జాడీ, వేపుడు కారం, ఆ నెమళ్ళ దుప్పటి.

ఆశ్రిత ఇంకో దారి చెప్పింది. సర్టిఫికెట్ పోయిందని పోలీసు స్టేషన్లో రాసిస్తే వాళ్ళొక కాగితం ఇస్తారు. దాంతో యూనివర్సిటీలో డూప్లికేట్ తీసుకోవచ్చు. తొందరపెడితే టైముకి రావచ్చు. శనివారం మధ్యాహ్నం సెలవు పెట్టి స్టేషన్‌కి వెళ్ళాను. గిరిబాబు అనే కానిస్టేబుల్ తెల్ల కాగితం తీసి కలం మూత విప్పాడు.

"ఎక్కడ పోయిందమ్మా? బస్సులోనా?"

నేను ఆ తెల్ల కాగితం వైపు చూశాను.

"ఆటోలోనా? విజయనగరం బస్సు కాంప్లెక్స్ దగ్గరా? సానామందివి అక్కడే పోతాయి."

"పోలేదండి. ఉంది."

ఆయన కలం ఆపాడు. "ఉన్నదాన్ని పోయిందని ఎలగ రాసేదమ్మా?"

"మా స్కూల్లో ఉంది. ఇవ్వడం లేదు."

"మరలాగ సెప్పండి! అది వేరే కంప్లైంటు. ఏ స్కూలు?"

చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నన్ను పరకాయించి చూసి, ఒక్కసారి లేచి నిలబడ్డాడు.

"మీరు అరుణశ్రీ మేడమ్ కదండీ? మావోడు అక్కడే ఆరో తరగతి. ఇంటికొచ్చి ఒకటే సెప్పడం, మా మేడమ్ ఏప్రిల్లో ఫారిన్ ఎల్తాదని. భాస్కర్ సార్ మీద కంప్లైంటు ఏటి మేడమ్? దేవుడిలాంటి మనిషి. మీరు కూర్చోండి, టీ తెప్పిస్తాను."

టీ తాగి బయటికొచ్చాను. రోడ్డు మీద భోగాపురం విమానాశ్రయం పనులకి కంకర తీసుకెళ్ళే లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. అవి దాటేదాకా ఇవతలే నిలబడ్డాను.

డిసెంబరు పదకొండున స్కూలుకి తనిఖీ వచ్చింది. మూడేళ్ళకోసారి గుర్తింపు పొడిగించడానికి అధికారులు వచ్చి గదులు, మరుగుదొడ్లు, టీచర్ల చదువులు చూస్తారు. ఆ రోజు లాకర్లోని ఫైళ్ళన్నీ బయటికి రావాలి. ఉదయం సార్ తన గుత్తితో లాకరు తెరిచారు. నేను పద్నాలుగు ఫైళ్ళూ బల్ల మీద వరసగా పేర్చాను. నాది ఐదోది. అంచు తెరిచి చూశాను. డిగ్రీ కాగితం ఉంది. ఒక మూల కొంచెం పసుపురంగు తిరిగింది.

అధికారులు ఇద్దరు. ఒకాయన ఫైళ్ళు తిప్పుతూ హరిబాబు ఏడని అడిగాడు. ఇవాళ సెలవులో ఉన్నారని సార్ చెప్పారు. నా ఫైలు దగ్గర ఆగి, "ఇంగ్లీషులో ఫస్టు క్లాసా! ఇలాంటివాళ్ళు ఉంటే స్కూలు బాగుపడుతుంది," అన్నాడు. సార్ నా వైపు చూసి నవ్వారు. నా కాగితం ఆ బల్ల మీద ఎందుకు ఉండాలో నాకు అప్పుడు బాగా తెలిసింది.

ఒంటిగంటకి పని అయింది. అధికారులని విజయనగరంలో భోజనానికి తీసుకెళ్తూ సార్ గుమ్మం దగ్గర ఆగారు. గుత్తిలోంచి లాకరు తాళంచెవి విడదీసి నా చేతిలో పెట్టారు. ఐదేళ్ళలో అదే మొదటిసారి.

"అన్నీ లోపల పెట్టి తాళం వేసెయ్యమ్మా."

నా మొహంలో ఏం కనిపించిందో, ఇంకొక మాట కూడా అన్నారు. "ఇంకెవరికైనా ఇవ్వడానికి ఆలోచిస్తాను. నీకెందుకు ఆలోచన? నువ్వు నా మాట దాటవు."

కారు వెళ్ళిపోయింది. గదిలో నేను, పద్నాలుగు ఫైళ్ళు, గోడ మీద చంద్రశేఖరం మాస్టారు. నా ఫైలు తీసి కుర్చీ మీద విడిగా పెట్టాను. మిగిలినవి ఒక్కొక్కటే లాకర్లో సర్దడం మొదలుపెట్టాను. సాయంత్రం బస్సుకి వైజాగ్ వెళ్ళొచ్చు. ఆఫీసు ఏడు దాకా తెరిచే ఉంటుందని ఆశ్రిత చెప్పింది.

"మేడమ్."

గుమ్మంలో ఆమని. లాకరు తెరిచి ఉండటం చూసింది. నా చేతిలో తాళంచెవి చూసింది.

"నాది ఇచ్చీయండి మేడమ్."

"సార్ వచ్చాక అడుగు, ఆమనీ," అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. తుమ్ము వస్తే చెయ్యి నోటికి అడ్డం వెళ్ళినట్టు అదే వచ్చేసింది. ఆమని చూపు మెల్లగా కుర్చీ మీదికి జరిగింది. అక్కడ నా ఫైలు, పైన నా దస్తూరీతోనే రాసిన నా పేరు.

"మరి అది?" అంది.

నేను ఇంకో ఫైలు తీసి లాకర్లో పెట్టాను. ఆమని చిన్నగా నవ్వింది. ఆ నవ్వులో వెటకారం ఉంటే బాగుండేది. ఇంతేలే అన్నట్టు ఉంది. వెనక్కి తిరిగింది.

"ఆగు," అన్నాను. సర్దిన వాటిలోంచి దాని ఫైలు లాగి చేతికి ఇచ్చాను. రిజిస్టరు తెరిచి, దాని పేరుకి ఎదురుగా తేదీ వేసి, సంతకం పెట్టమన్నాను. పెట్టింది. ఫైలు విప్పి లోపల ఒక్కొక్క కాగితం వేలితో ముట్టుకుని చూసుకుంది.

"ఎక్కడైనా పోస్టు వచ్చిందా?"

"లేదు మేడమ్."

"మరెందుకు?"

"ఎందుకేటి? నావి మా ఇంట్లో ఉంటాయి."

ఫైలుని చున్నీ కింద పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "మీది తీసుకోండి మేడమ్. సూస్తూ కూర్చోకండి," అని వెళ్ళిపోయింది.

అప్పటికి రెండు అయింది. సార్ మూడున్నరకి గానీ రారు. గంటన్నర టైము నా చేతిలో ఉంది. ఆ గంటన్నరా నేను ఆ కుర్చీ పక్కన ఇంకో కుర్చీలో కూర్చున్నాను.

ఎందుకు తీసుకోలేదని ఆశ్రిత ఇప్పటికీ తిడుతుంది. నాకు అప్పుడు తోచింది ఇది. నాది కూడా తీసుకుంటే మేమిద్దరం సార్ లేనప్పుడు కాగితాలు ఎత్తుకుపోయినవాళ్ళం అవుతాం. రేపు ఆమనిని పిలిచి ఆయన అలాగే అంటారు. నాది అక్కడే ఉంటే, ఆమనిది ఇవ్వాల్సింది కాబట్టి ఇచ్చానని చెప్పగలను. ఇంకొకటి కూడా ఉంది. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. నాది నేను ముట్టుకోలేదని చూస్తే సార్ కరిగి, తనంతట తనే తీసి ఇస్తారనుకున్నాను. రెండు చేతులతో అందుకున్న మనిషి రెండు చేతులతోనే తిరిగి ఇస్తారని మా నాన్నలాగే నేనూ నమ్మాను.

నా ఫైలు లాకర్లో పెట్టి తాళం వేశాను.

మూడున్నరకి సార్ వచ్చారు. తాళంచెవి ఇచ్చాను. ఆయన అలవాటు కొద్దీ లాకరు తెరిచి వేలితో లెక్కపెట్టారు.

"పదమూడే ఉన్నాయేమిటమ్మా?"

"ఆమనిది ఇచ్చేశాను సార్. రిజిస్టర్లో రాశాను."

ఆయన నా వైపు తిరిగారు. ముందు అర్థం కానట్టు చూశారు. తరవాత ఫైళ్ళు మళ్ళీ తిరగేశారు. ఐదోది దగ్గర చెయ్యి ఆగింది.

"నీది ఇక్కడే ఉంది."

"ఉంది సార్. నాది మీరే ఇవ్వండి. ఇరవయ్యో తేదీ లోపల కావాలి. పదో తరగతికి సిలబస్ జనవరికి పూర్తి చేసేస్తాను. తరవాత కూడా ఫోన్లో పాఠాలు చెప్తాను."

ఇంత పొడుగు మాట ఆయన ముందు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. సార్ కుర్చీలో కూర్చున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన నిజంగానే బాధపడ్డారని నాకు తెలుసు.

"నేను నిన్ను నమ్మి తాళం ఇచ్చానమ్మా," అన్నారు.

"అందుకే నాది తీసుకోలేదు సార్."

ఆయన లేచి నా ఫైలు బయటికి తీశారు. ఒక్క క్షణం నా చేతులు వాటంతట అవే ముందుకి సాగాయి. సార్ ఆ ఫైలుని కళ్ళకి అద్దుకున్నారు, ఐదేళ్ళ కిందట అద్దుకున్నట్టే. తన తోలు బ్యాగు జిప్పు తెరిచి అందులో పెట్టుకున్నారు.

"ఇక్కడ ఇంక భద్రం కాదు. మా ఇంట్లో ఉంటుంది. ఏప్రిల్ ఇరవై మూడున, బడికి సెలవులిచ్చే రోజున, నేనే మీ ఇంటికొచ్చి మీ నాన్న చేతిలో పెడతాను. వెళ్ళమ్మా, స్టడీ అవర్ టైమైంది."

వెళ్ళాను. పదో తరగతి పిల్లలు లేచి నిలబడి గుడ్ ఈవినింగ్ మేడమ్ అన్నారు.

ఇరవయ్యో తేదీ దాటింది. లాన్ ఇంకొక టీచరుని తీసుకుంది. ఎప్పుడైనా ఖాళీ వస్తే చెప్తానని రాసింది. వస్తుందో రాదో తెలియదు. అమ్మ సర్దిన సంచీలోంచి పచ్చడి జాడీ తీసి వాడేసింది. దుప్పటి మాత్రం సంచీలోనే ఉంచింది. ఆమని ఎక్కడికీ వెళ్ళలేదు, ఇప్పటికీ స్టాఫ్ రూములో నా పక్క కుర్చీలోనే కూర్చుంటుంది. ఇప్పటికీ మేడమ్ అనే అంటుంది. కాకపోతే ఒక రోజు నేను రాకముందే నా కుర్చీ కూడా తుడిచి పెట్టింది.

జనవరి నెలాఖరున చిన్న తరగతులకి కొత్త టీచరు వచ్చింది. పేరు కుమారి, భోగాపురం అవతల ఏదో పల్లె. తండ్రి తిరుమలరావు కూడా వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచాడు. చేతిలో బట్టల కొట్టు కవరు. లాకరు తాళంచెవి మళ్ళీ నా చేతికి రాలేదు గానీ, దస్తూరీ కోసం రిజిస్టరు మాత్రం ఇంకా నా చేతనే రాయిస్తున్నారు. సార్ తన కుర్చీలో ఉన్నారు. "మేడమ్‌కి ఇవ్వండి, రాసుకుంటుంది," అన్నారు.

తిరుమలరావు కవరు విప్పి ఫైలుని రెండు చేతులతో నాకు అందించబోయాడు. కుమారి ఆ ఫైలునే చూస్తోంది. ఇవ్వచ్చా అన్నట్టు ఒకసారి నా కళ్ళలోకి చూసింది. ఇన్నేళ్ళుగా నేను ఆ చూపుకి చెప్పే జవాబు ఒకటే.

"జిరాక్సులు ఇవ్వండి, చాలు," అన్నాను. "ఒరిజినల్స్ ఇంటికి పట్టుకెళ్ళిపోండి."

తిరుమలరావు తికమకపడ్డాడు. "మరి సార్ తెమ్మన్నారు గదమ్మా?"

"అడుగుతారు. మీరు ఇవ్వకండి."

సార్ వైపు చూడలేదు గానీ ఆయన చూపు నా మీద ఉందని తెలుస్తోంది. నాకు భయం వేయలేదు. నా నుంచి తీసుకోవలసింది ఆయన అప్పటికే తీసుకుని ఇంట్లో పెట్టుకున్నారు. కొత్తగా తీసుకోవడానికి ఏమీ మిగల్లేదు.

నేను కలం తీసి కుమారి పేరు రాశాను. పక్క గడిలో, ఒరిజినల్స్ అని ఉన్న చోట, లేవు అని రాశాను. కుమారి తండ్రి చేతుల్లోంచి ఫైలు తీసుకుని తన బ్యాగులో పెట్టుకుంది. జిప్పు సగంలో పట్టేసింది. వెనక్కి లాగి, మళ్ళీ ముందుకి లాగి, పూర్తిగా మూసింది.